చింతలపూడి బస్సుకి టైముంది

బస్టాండు కంట్రోలర్లుగా కొత్తగా చేరిన ఇద్దరు ఈమధ్య మా ఇంటికి వచ్చారు. పాతవాళ్ళ అనుభవాలు తెలుసుకుందామని వచ్చామన్నారు. నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కాఫీలు ఇప్పించి, గొంతు సవరించుకుని కూర్చున్నాను. అప్పుడడిగారు.

"సార్, మీరు పూర్ణచంద్రరావు గారితో కలిసి పనిచేశారట కదా. ఆయన గురించి చెప్పండి."

ఇచ్చిన కాఫీ వెనక్కి తీసుకోవాలనిపించింది.

పూర్ణచంద్రరావు గారూ నేనూ ఎనభైల్లో నూజివీడు బస్టాండులో కంట్రోలర్లం. పొద్దుటి షిఫ్టు నాది, మధ్యాహ్నం నుంచి ఆయనది. దిక్కులేనివాళ్ళ పాలిట దేవుడని ఆయనకి పేరు. ఆయన రిటైరైన రోజు సన్మానంలో మాట్లాడిన ప్రతివాళ్ళూ ఆ మాటే అన్నారు. నేనూ చప్పట్లు కొట్టాను. పక్కవాళ్ళు చూస్తున్నారు కాబట్టి గట్టిగానే కొట్టాను.

ముందే చెప్పేస్తున్నాను. ఆయనంటే నాకు అసూయ. అప్పట్లో ఉండేదని కాదు, ఇప్పటికీ ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో నా ప్రమోషన్లు, బదిలీలు ఉండవు. అవి మా ఆవిడకే గుర్తులేవు, మీకెందుకు? బస్టాండులో ఇల్లు లేనివాళ్ళతో మేం ఎలా మెలిగామో రాస్తాను. ముఖ్యంగా ఒకావిడ గురించి. ఆమెని గోవిందమ్మ అంటాను, అసలు పేరు అది కాదు. ఆమె ఇప్పుడు లేదు, కాబట్టి ఈ మాటలు బయటపెట్టినా ఆమె పరువుకి వచ్చే నష్టం లేదు. పూర్ణచంద్రరావు గారు నిక్షేపంలా ఉన్నారు. చదివి ఫోను చేస్తే చేయనీయండి.

ఏ బస్సూ ఎక్కనివాళ్ళు

బస్సు ఎప్పుడొచ్చిందో ఎప్పుడెళ్ళిందో రాసుకోవడం, మైకులో చెప్పడం, కండక్టరుకీ ప్రయాణికుడికీ గొడవైతే మధ్యలో నిలబడి ఇద్దరి చేతా తిట్లు తినడం. కంట్రోలరు పని ఇదేనని శిక్షణలో చెబుతారు. నిజమే. కానీ బస్టాండుకి వచ్చేవాళ్ళలో ఏ బస్సూ ఎక్కనివాళ్ళు కొందరుంటారు. వాళ్ళ సంగతి ఎవరూ చెప్పరు. ఇల్లు లేని మనిషికి పైకప్పు, కుళాయి, నలుగురి అలికిడి ఒక్కచోట దొరికేది బస్టాండులోనే.

మా నూజివీడులో మామిడి సీజను వచ్చిందంటే మరీను. కోతలకి ఎక్కడెక్కడినుంచో ముఠాలు దిగేవి. కాయలు కోసే చిక్కాలు కట్టిన గెడలు, వంటగిన్నెల మూటలు, చేతుల నిండా సొన మచ్చలు. బస్సుల టాపుల మీద బుట్టలు, కింద ప్లాట్‌ఫారం నిండా వరిగడ్డి. అప్పుడే తోటలవాళ్ళు తెలిసినవాళ్ళకి బుట్టలు పంపేవారు. డాక్టరుకి, పోస్టుమాస్టరుకి, మాకు. అది మా వైపు మర్యాద. ఎవరికి బుట్ట వచ్చింది, ఎవరికి రాలేదన్నది ఆ నెలంతా ఊళ్ళో పెద్ద వార్త.

కోతలు అయిపోయాక ముఠాలు వచ్చిన దారినే వెళ్ళిపోయేవి. ఒకరిద్దరు మిగిలిపోయేవారు. జ్వరం తగిలినవాళ్ళు, ముఠాతో చెడినవాళ్ళు, వెళ్ళడానికి ఊరే లేనివాళ్ళు. హనుమాన్ జంక్షన్‌లో లారీలు దించేసినవాళ్ళు కూడా తిరిగి తిరిగి మా బెంచీల మీదికే చేరేవారు.

తెల్లవారుతూనే నాగమణి ఊడవడానికి వచ్చేది. ఆ లోపు బెంచీల మీద పడుకున్నవాళ్ళని లేపాలి. నాకు ముందు పనిచేసినాయన కర్రతో బెంచీ మీద కొట్టేవాడు. నేను కొట్టలేదు. దగ్గరికి వెళ్ళి, "విజయవాడ బస్సు వస్తోందండీ" అనేవాణ్ణి. బస్సు పేరు వినగానే మనిషి ప్రయాణికుడిలాగే లేచి, బట్ట సర్దుకుని, మొహం కడుక్కుంటాడు. తిట్టించుకున్నట్టు ఉండదు. ఆ పద్ధతి నాది. మా ఇంటికొచ్చిన ఇద్దరూ దాన్ని కూడా పూర్ణచంద్రరావు గారి ఖాతాలో వేశారు. దయచేసి సరిచేసుకోండి.

ఇవ్వని చెయ్యి

పూర్ణచంద్రరావు గారు ఎవరికీ ఏమీ ఇచ్చేవారు కాదు. ఇది నిందగా రాయడం లేదు. ఆయనకి నలుగురు ఆడపిల్లలు, ఇచ్చే స్థోమత లేదు. నాకు ఇద్దరే పిల్లలు, కొంచెం చెయ్యాడేది. క్యాంటీనులో టీలు చెప్పేవాణ్ణి, ఇంటి నుంచి ఇడ్లీలు తెచ్చేవాణ్ణి, చలికాలంలో పాత దుప్పట్లు పంచేవాణ్ణి. పేరు మాత్రం ఆయనకి వచ్చింది. సొమ్మొకడిది, సోకొకడిది.

జంక్షన్ నుంచి వచ్చిన ముసలాయన ఒకడుండేవాడు. ఒకప్పుడు లారీ క్లీనరు, కాలు పోయింది. ఆయనకి నేను ఒక మంచి ఉన్ని దుప్పటి ఇచ్చాను. మర్నాడు అది ఇంకొకడి ఒంటి మీద కనపడింది. ముసలాయన దాన్ని ఇచ్చేసి చుట్టలు తీసుకున్నాడట. నాకు ఒళ్ళు మండిపోయింది. షిఫ్టు మారేటప్పుడు పూర్ణచంద్రరావు గారి దగ్గర మొత్తుకున్నాను.

ఆయన నింపాదిగా చేతిరుమాలు మడతపెట్టుకుంటూ, "ఇచ్చాక అది మీ దుప్పటి కాదు కదండీ సత్యం గారూ" అన్నారు.

మాట నిజం. కానీ దుప్పటి నాది, మాట ఆయనది. సాయంత్రానికి క్యాంటీనులో అందరూ ఆ మాటే చెప్పుకున్నారు, దుప్పటి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఉద్యోగంలో కొత్తగా చేరేవాళ్ళకి ఇక్కడో మాట. దానం చేసి లెక్క అడిగితే అది దానం కాదు, అద్దె. ఈ వాక్యం నాదే.

గోవిందమ్మ ఒక సీజను చివర్లో వచ్చింది. యాభై దాటిన మనిషి. మొగుడూ తనూ తోట తోటకీ తిరిగి కోతలకి వెళ్ళేవాళ్ళు, ఏ తోటలో పని ఉంటే ఆ తోటలోనే కాపురం. ఆ ఏడు మొగుడు జ్వరంతో పోయాడు. ముఠా రెండు రోజులు చూసి వెళ్ళిపోయింది. ఆమె ఒక గిన్నె, ఒక మూట పట్టుకుని వచ్చి చివరి బెంచీ మీద కూర్చుంది. చెయ్యి చాచేది కాదు. క్యాంటీను వెనక గిన్నెలు తోమి ఒక పూట తినేది.

నేను రోజూ పొద్దున టీ ఇప్పించేవాణ్ణి. తాగేది. గ్లాసు కడిగి పెట్టేది. నా వైపు చూసేది కాదు. మధ్యాహ్నం పూర్ణచంద్రరావు గారు వచ్చేవారు. సైకిలుకి స్టాండు వేసి, నేరుగా ఆ బెంచీ దగ్గరికి వెళ్ళేవారు.

"ఏ బస్సుకండీ?"

"చింతలపూడి బస్సుకి బాబూ."

"అది రావడానికి టైముంది. కూర్చోండి."

అంతే. రోజూ ఇదే. ఆ మాటతో ఆవిడ మొహం వెలిగిపోయేది. కొంగు సర్దుకుని, మూట పక్కకి జరుపుకుని, ఎదురుచూసే మనిషిలాగా నిటారుగా కూర్చునేది. చింతలపూడి బస్సు వచ్చేది, వెళ్ళేది. ఆవిడ ఎక్కేది కాదు. ఆయన ఎందుకెక్కలేదని అడిగేవారు కాదు. మర్నాడు మళ్ళీ, "ఏ బస్సుకండీ?"

ఒకరోజు నేనూ వెళ్ళి, "ఏ బస్సుకమ్మా?" అనడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "మీకు తెలీదా బాబూ?" అంది. ఇంటికెళ్ళి మా ఆవిడకి చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఏవండీ, జనం ఉద్యోగాల్లో పోటీపడతారు, ఇళ్ళు కట్టడంలో పోటీపడతారు. మీరేంటండీ, బస్టాండులో ముసలమ్మ నవ్వు కోసం పోటీ!"

తప్పేముంది? ఆ నవ్వు మీరు చూడలేదు.

ఒక తేడా మాత్రం నాకు అప్పుడే తెలిసింది. నేను "నువ్వు" అనేవాణ్ణి. పనివాళ్ళలో పెద్దవాళ్ళని "అమ్మా, నువ్వు" అనడం మా వైపు తప్పేమీ కాదు. ఆయన "కూర్చోండి" అనేవారు, టిక్కెట్టు కొన్న ప్రయాణికురాలితో అన్నట్టు. తెలిశాక నేనూ మార్చుకున్నాను. కానీ ఆలస్యంగా మొదలుపెట్టినవాడు ఎంత చేసినా అది కాపీయే అవుతుంది.

నాకు దక్కింది

ఒక ముసురు రోజు. కాలవ పొంగి పొద్దుటి బస్సులు ఆగిపోయాయి. బస్టాండు ఖాళీగా ఉంది. టీ గ్లాసు ఇచ్చి నేను కూడా బెంచీకి ఆ చివర కూర్చున్నాను.

"చింతలపూడిలో మీవాళ్ళు ఎవరమ్మా? పేరు చెప్పండి. కండక్టరుతో కబురు చేయిస్తాను" అన్నాను.

ఆమె గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వాన వైపు చూస్తూ అంది.

"ఆ ఊళ్ళో నాకెవరుంటారు బాబూ. నేనా ఊరు చూడను కూడా చూళ్ళేదు."

"మరి రోజూ ఆయనతో అలా చెబుతున్నారు కదా?"

"మొదటిరోజు ఆ బాబు ఏ బస్సుకండీ అనడిగాడు. నన్నెవరూ అట్టా అడగలేదు. ఏదోటి చెప్పాలిగా. మీరింకా డ్యూటీ దిగలేదు, అప్పుడే మైకులో చింతలపూడి అన్నారు. అదే చెప్పేశాను."

నా మైకు గొంతుకి డిపో అంతా పేరు. ఆయన గొంతు మైకులో చీదినట్టుంటుంది. ఆమె ఆయనకి ఇచ్చే జవాబు నా నోటిలోంచి వెళ్ళింది!

"ఆ బాబుకి చెప్పమాకండి. నన్ను బస్సు కోసం వచ్చిన మనిషనుకుంటన్నాడు. అట్టాగే అనుకోనీయండి" అంది.

చెప్పనని మాట ఇచ్చాను. ఆ రోజంతా నాకు గర్వంగా ఉంది. నిజం నాకు చెప్పింది, ఆయనకి చెప్పలేదు. సాయంత్రానికి ఆ గర్వం దిగిపోయింది. ఆయన ముందు ఆమె ప్రయాణికురాలు, నా ముందు దిక్కులేని మనిషి. నేనెన్ని టీలు పోసినా ఆ సంగతి మారదు. మరి ఆమె ఎవరిని చూసి నవ్వుతుంది? నేనైనా ఆయన్నే చూసి నవ్వుతాను.

కొత్త మేనేజరు

చలికాలం వెళ్ళి మామిడి పిందెలు కట్టే రోజుల్లో కొత్త స్టేషను మేనేజరు వచ్చాడు. వయసులో మా ఇద్దరికన్నా చిన్న. చెడ్డవాడని రాస్తే కథ బాగుంటుంది గాని, చెడ్డవాడు కాదు. శుభ్రం కావాలన్నాడు. మరుగుదొడ్లు కడిగించాడు, కుళాయి బాగుచేయించాడు. అలాగే టిక్కెట్టు లేనివాళ్ళెవరూ బెంచీల మీద ఉండకూడదన్నాడు. ఆడవాళ్ళకి కూర్చునే చోటు ఉండడం లేదని ప్రయాణికులు ఫిర్యాదు చేశారు. అదీ నిజమే.

ముసలి క్లీనరు రెండో రోజుకే మాయమయ్యాడు. తక్కినవాళ్ళు కూడా ఒక్కొక్కరే సర్దుకున్నారు. గోవిందమ్మ వంతు వచ్చేసరికి పూర్ణచంద్రరావు గారు అడ్డం వెళ్ళారు.

"ఆవిడ చింతలపూడి ప్యాసింజరండీ" అన్నారు.

ఎంత హాయిగా అన్నారో! నేను అదే మాట అంటే అబద్ధం అయ్యేది. ఆయనకి అది నిజం. అలా కొన్నాళ్ళు గడిచింది. మేనేజరు కళ్ళున్నవాడు. ఒక మధ్యాహ్నం మా ఇద్దరినీ గదిలోకి పిలిచాడు.

"ఏంటండీ పూర్ణచంద్రరావు గారూ, చింతలపూడికి రోజూ బస్సులు వెళ్తూనే ఉన్నాయి. మీ ప్యాసింజరు మాత్రం వెళ్ళట్లేదేంటి?"

"చేతిలో డబ్బులుండవు కదండీ. నామోషీకి అడగదు" అన్నారాయన.

మేనేజరు జేబులోంచి పర్సు తీశాడు. "అంతేనా? టిక్కెట్టు నేను తీస్తాను. సోమవారం పొద్దుటి బస్సు ఎక్కించండి. ఒక ముసలావిడని ఇంటికి చేర్చడం కన్నా కావలసిందేముంది?"

పూర్ణచంద్రరావు గారి కళ్ళు చెమర్చాయి. "ఇన్నాళ్ళూ నాకీ ఆలోచన రాలేదు చూడండి సత్యం గారూ" అని నా చెయ్యి పట్టుకున్నారు.

గంటలో బస్టాండంతా తెలిసిపోయింది. పూర్ణచంద్రరావు గారి భార్య ఒక కొత్త చీర తీసిపెట్టిందట. క్యాంటీనాయన పులిహోర పొట్లం కడతానన్నాడు. నాగమణి తన డబ్బాలోంచి కుంకుమ తెచ్చిస్తానంది. అంత మంచితనం ఒక్కసారిగా ఒక మనిషి మీద పడితే ఆమె తప్పించుకునే దారేది? ఈ ఉద్యోగంలో నేను చూసిన పెద్ద పొరపాటు ఇదే. కోపంతో చేసినవాటిని ఎవరైనా ఆపుతారు. ప్రేమతో చేసే పొరపాటుకి అందరూ సాయం పడతారు.

మర్నాడు పొద్దున గోవిందమ్మ మొదటిసారి తనంతట తాను నా టేబులు దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఆ ఊళ్ళో దిగి నేనెటు పోవాలి?"

ఇక్కడ రోజుకో ముద్ద, ఒక కుళాయి, తెలిసిన నాలుగు మొహాలు ఉన్నాయి. అక్కడ అవేవీ లేవు. ఆ వయసులో తెలియని ఊళ్ళో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. వెళ్ళనంటే, ఇన్నాళ్ళూ ఆ బాబుతో చెప్పింది అబద్ధమని తేలిపోతుంది. ఆమెకి రెండోదే ఎక్కువ భయం.

ఒక్క మాటతో నేను అన్నీ ఆపేయగలను. "పూర్ణచంద్రరావు గారూ, ఆవిడకి చింతలపూడిలో ఎవరూ లేరు. ఆ సంగతి మీకు చెప్పలేదు, నాకు చెప్పింది." ఈ వాక్యాన్ని స్నానం చేస్తూ అనుకుని చూసుకున్నాను. అన్నం తింటూ అనుకున్నాను. ఎలా అనుకున్నా చాలా బాగుంది. ఆయన మొహం ఎలా మారుతుందో కూడా ఊహించుకున్నాను.

మా ఆవిడ మజ్జిగ పోస్తూ, "చెబితే మీరు గెలుస్తారు. మరి ఆవిడ మొహం ఎక్కడ పెట్టుకుంటుంది?" అంది.

నేను చెప్పలేదు. గొప్పతనం వల్ల కాదు. మాట ఇచ్చాను కాబట్టి, ఆమె నాకంటూ ఇచ్చింది ఆ ఒక్క రహస్యమే కాబట్టి. దాన్ని కూడా ఆయన చేతిలో పెట్టేస్తే నాకేం మిగులుతుంది?

విస్సన్నపేట మీదుగా

చింతలపూడి బస్సు విస్సన్నపేట మీదుగా వెళ్తుంది. విస్సన్నపేట ఇవతల రోడ్డు పక్కనే వీరభద్రరావు గారి తోట. సీజన్లో ఆయన బుట్టలు నా షిఫ్టులోనే దిగేవి, అలా పరిచయం. కాయలు మాగబెట్టే పాక దగ్గర ఉండే మనిషి మానేశాడని, ఎవరైనా ఉంటే చెప్పమని ఆయన అంతకుముందే అన్నారు. శనివారం షిఫ్టు దిగి, ఇంటికి కూడా వెళ్ళకుండా ఆ బస్సే ఎక్కాను.

వీరభద్రరావు గారు సాంతం విని నవ్వారు.

"బస్టాండు మనిషిని కాపలాకి పెట్టమంటారేంటండీ సత్యం గారూ? అప్పుడు కాపలాకి కాపలా పెట్టాలి."

"ప్రయాణికులు మరిచిపోయిన సంచీలు నేను ఆవిడ పక్కన పెట్టి టీకి వెళ్తానండీ. ఏదైనా పోతే నన్నడగండి."

ఆయన ఇంకా ఆలోచిస్తుంటే లోపలి నుంచి ఆయన భార్య వచ్చింది.

"మాటకారి మనిషా అండీ?" అనడిగింది.

"లేదండీ. మాట తక్కువ."

"అయితే రమ్మనండి. మాటలకి ఈయన చాలు."

వీరభద్రరావు గారు మీసం సవరించుకుని ఒప్పుకున్నారు. "మా తోటలో ఒకటే రూలండీ. లోపల కూర్చుని ఎన్నైనా తినొచ్చు. గేటు దాటేది మాత్రం ఇంటావిడ చేతి మీదుగా బుట్టలోనే దాటాలి. ఆవిడకీ చెప్పండి."

ఆదివారం గోవిందమ్మకి అంతా చెప్పాను. పాక ఉంది, నుయ్యి ఉంది, పశువుల పని ఉంటుంది, సీజన్లో వరిగడ్డి పరిచి కాయలు మాగబెట్టాలి, మెత్తబడినవి ఏరాలి. మామిడి పని పేరు వినగానే ఆమె చేతివేళ్ళు కదిలాయి. కానీ వెంటనే మొహం ముడుచుకుంది.

"ఆ బాబుకి తెలుస్తుందా?"

"తెలీదు."

"టిక్కెట్టు చింతలపూడిదాకా కొడతారుగా?"

"కొట్టనీయండి. టిక్కెట్టుందని చివరిదాకా కూర్చోవాలని రూలేం లేదు."

సోమవారం పొద్దున పూర్ణచంద్రరావు గారు డ్యూటీ లేకపోయినా తలస్నానం చేసి వచ్చారు. గోవిందమ్మ ఆకుపచ్చ చీర కట్టుకుంది. పులిహోర పొట్లం, కుంకుమ పొట్లం, మేనేజరు తీసిన టిక్కెట్టు. నేను కండక్టరుని పక్కకి పిలిచి ఎక్కడ దించాలో, ఏం మాట్లాడకూడదో చెప్పాను. తరవాత మైకు ముందు కూర్చున్నాను.

"విస్సన్నపేట మీదుగా చింతలపూడి వెళ్ళు ప్రయాణికులకు మనవి..."

ఆ రోజు అదే మాట మూడుసార్లు చెప్పాను. ఎవరూ గమనించలేదు, అందరూ బస్సు దగ్గర ఉన్నారు.

పూర్ణచంద్రరావు గారు ఆమె మూట పైకి అందించారు. "ఏ బస్సుకండీ?" అనడిగారు, నవ్వుతూ.

"చింతలపూడి బస్సుకి బాబూ."

"అయితే ఎక్కండి. వచ్చేసింది."

ఆమె ఆయనకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. బస్సు కదిలేదాకా ఆయన్నే చూసింది. మైకు గది అటు పక్కన ఉంది, నన్ను చూడాలంటే మెడ తిప్పాలి. తిప్పలేదు.

బుట్ట

ఆ సీజను నడుమ ఒక మధ్యాహ్నం, షిఫ్టు మారే వేళకి అదే కండక్టరు ఒక చిన్న బుట్ట తెచ్చాడు. మీద గోనెపట్టా కుట్టి ఉంది. నా చెయ్యి దానంతటదే ముందుకి వెళ్ళింది.

"మీక్కాదండీ" అన్నాడు నా కళ్ళలోకి చూడకుండా. "పూర్ణచంద్రరావు గారికండీ. చింతలపూడి నుంచి, గోవిందమ్మ పంపింది."

పూర్ణచంద్రరావు గారు పట్టా విప్పారు. చిన్నరసాలు, పసుపు తిరిగి, తొడిమ దగ్గర ఇంకా వరిగడ్డి అంటుకుని ఉన్నాయి. ఆయన ఒక పండు చేతిలోకి తీసుకుని, చాలాసేపు వాసన చూశారు.

"చూశారా సత్యం గారూ? ఇంటికి చేరినా మర్చిపోలేదు."

నాకు మింగాలో కక్కాలో తెలీలేదు. ఆయన రెండు పండ్లు నా చేతిలో పెట్టారు. ఇంటికి పట్టుకెళ్ళి తిన్నాను. తియ్యగా ఉన్నాయి, అది ఇంకా మంట. మా ఆవిడ టెంక చీకుతూ, "ఎవరికి పంపితేనేం, మనకీ వచ్చాయిగా" అంది. ఆడవాళ్ళకి కొన్ని అర్థం కావు. లేదా బాగా అర్థమవుతాయి.

మరుసటి ఏడూ బుట్ట వచ్చింది, ఆయనకే. ఆ తరవాతి ఏడూ ఆయనకే. మేనేజరుకి కూడా ఒకసారి నాలుగు కాయలు వచ్చాయి. నాకు ఒక్క తొడిమ కూడా రాలేదు. చింతలపూడి ముసలమ్మ కథ అప్పటికే డిపోలో పాఠం అయిపోయింది. పూర్ణచంద్రరావు గారు కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేవారు. పక్కనే కూర్చుని నేను తలూపేవాణ్ణి.

చివరికి ఒక సెలవు రోజు ఉండబట్టలేక ఆ బస్సెక్కాను. తోట గేటు దగ్గర దిగాను. ఎండ మాడిపోతోంది, తోటలో మాత్రం చల్లగా ఉంది. పాక ముందు గోవిందమ్మ వరిగడ్డి మీద కాయలు పరుస్తోంది. ఒళ్ళు చేసింది. ఆకుపచ్చ చీర పాతబడి ఇంటి చీర అయింది. నన్ను చూసి చేతులు తుడుచుకుని లేచింది.

"ఆ బాబు బాగున్నాడా?" అనడిగింది, మొదటి మాట.

అంతే, నాకు ఆగలేదు. "బాగున్నాడు. ఏడాదికో బుట్ట తిని బాగున్నాడు. నాకెందుకు పంపలేదు గోవిందమ్మా? ఒక్కసారన్నా నేను గుర్తు రాలేదా?"

రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి అడగాల్సిన మాటేనా అది? అడిగాను.

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "మీకు బుట్టేంటి బాబూ? బుట్ట బయటోళ్ళకి పంపుతారు. ఆ బాబు నన్ను ఇంటికి పంపించాననుకున్నాడు. క్షేమంగా చేరానని ఆయనకి తెలియాలిగా. మీకన్నీ తెలుసు. మీరు ఇంటోళ్ళు. ఇంటోళ్ళకి ఎవరన్నా బుట్ట పంపుతారా? ఎప్పుడొస్తారా అని ఏటా చూస్తన్నాను. మీరే రాలేదు."

పాకలోంచి చాప తెచ్చి చెట్టు నీడన పరిచింది. బాగా మాగిన పండ్లు ఏరి, బావినీళ్ళలో వేసింది. నాకేం చెయ్యాలో తోచక వాచీ చూసుకున్నాను.

"ఏ బస్సుకండీ?" అంది.

"నూజివీడు బస్సుకి" అన్నాను.

"అది రావడానికి టైముంది. కూర్చోండి."

కూర్చున్నాను. మోచేతుల దాకా రసం కారేలా తిన్నాను. ఆ బస్సు వెళ్ళిపోయింది, తరవాతి బస్సు కూడా వెళ్ళిపోయింది. నా సర్వీసులో అంత మర్యాదగా నన్నెవరూ కూర్చోబెట్టలేదు.

కానీ ఆ మాట కూడా పూర్ణచంద్రరావుదే.